ఇండూరు పెండ్లిలో పోయిన ఫిల్ము రోలు

ధర్మపురి, 12-6-2005

వదినకు సీనప్ప రాసేది, మేం బాగుండాము.

నిన్న ఇండూరు పెండ్లిలో తాళి కట్టేది ఫోటో తీసినా. పెండ్లికొడుకు మేనమామ 'ఎట్ల వచ్చిందో చూపించప్పా' అని కెమెరా లాక్కున్నాడు. ఇది డిజిటల్ కాదు, ఫిల్ము కడిగితేనే కనబడుతుందని చెప్తా ఉండంగానే వెనక మూత తెరిచేసినాడు. వెలుతురు తగిలి రోలంతా పోయింది. పైగా, పాత కెమెరా ఎందుకు తెచ్చినావని నన్నే తిట్టినారు. తాళి మళ్లీ కట్టించేదానికి పెద్దోళ్లు ఒప్పుకోలేదు.

అన్న చెప్పినట్లే డిజిటల్ కొంటా. మీ ఫ్రిజ్జులో పెరుగు పక్కన దాచిన నా ఫిల్ము రోళ్లు పారేయండి. అమ్మ మోకాళ్లకు తైలం పంపినా, అందిందా? పిల్లలు చల్లగా ఉండనీ.

వచ్చేటప్పుడు పెండ్లికూతురు అడిగింది: 'అన్నా, తాళి కట్టేటప్పుడు నేనెట్ల ఉన్నా?' అప్పుడు నవ్వుతా ఉండె వదినా. ఆ నవ్వు కెమెరాలోంచి చూసింది నేనొక్కణ్ణే.