అది పొగమంచు కాదు

ప్రియమైన తమ్ముడికి,

ఇక్కడ వాన లేదు. వారమంతా గాలి క్వారీ వైపు నుంచే వీస్తోంది. పొద్దున్నే వాకిలి ఊడ్చాను, కాసేపటికే మళ్ళీ తెల్లబడింది. బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాను. నువ్విచ్చిన కెమెరాతో మేడెక్కి ఊరంతా తీశాను. కెమెరాలోని కార్డు కవరులో పెట్టాను. నెలాఖరు మంగళవారం విచారణలో ఇది చూస్తే ఆ కంకర క్రషర్ని ఇళ్ళ దాకా రానివ్వరని అన్నావు. ఆ మాట మీదే ఉన్నాం. అది ఇంకొంచెం ముందుకొస్తే మీ బావ ఊపిరి నిలవదు.

నీ అక్క

ప్రియమైన అక్కా,

చూశాను. దూరం నుంచి ఆ దుమ్ము పొగమంచులా పడింది. నాతో ఫిల్ములు కూర్చే ఎడిటరు "ఎంత చక్కటి ఊరో!" అన్నాడు. దూరపు షాటు ఎక్కడో చెబుతుంది. నడుము దాకా తీస్తే ఎవరో తెలుస్తుంది. వాళ్ళకేమైందో మాత్రం ముఖమే చెప్పాలి. బావ ముఖం తియ్యి.

ఎదురుచూస్తూ, తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

ఆయన ఒప్పుకోలేదు. "క్రషర్లో పనిచేస్తూ క్రషర్ మీద బొమ్మ తీయించుకోనా? తెల్లారేసరికి మేస్త్రీ గెంటేస్తాడు. మీ తమ్ముడు కెమెరా పెడతాడు గానీ బువ్వ పెడతాడా?" అన్నాడు. అందుకని చేతులు తీశాను. దగ్గి తుడుచుకున్న గుడ్డ తీశాను. ఆయన భుజం వెనక నిలబడి, ఆయన చూసేదే తీశాను. చాలదూ?

అక్క

అక్కా,

భుజం వెనక నుంచి తీసింది బాగుంది. బావ చూసేదే మనమూ చూస్తాం. కానీ ఆ చేతులెవరివని అడుగుతారు. క్వారీ ఓనరు కూడా ఫిల్ము తెస్తున్నాడు. కెమెరాని కింద పెట్టి, వెనక ఆకాశం కనబడేలా తీయించుకున్నాడట. అందులో కొండంత ఉన్నాడు. మన దగ్గర ఒక్క ముఖమైనా లేకపోతే అంతా అయిపోయినట్టే. బావ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు.

తమ్ముడు

తమ్ముడూ,

నీ మాట చెప్పాను. ఆయన గడప మీద కూర్చుని "రా, కానీ" అన్నాడు. దగ్గరికెళ్ళాను. తెరలో పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ గుంట లోపలికి పోతోంది. రోజూ నేను అన్నం పెట్టే మనిషిని ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర నుంచే చూశాను. అలాగే తీశాను. ఆయన కెమెరా అడిగి తీసుకుని చూశాడు. తర్వాత "దీన్ని కూడా బాగుందంటారేమో. మనిషినే చూడనీ" అన్నాడు.

కార్డు పంపడం లేదు, ఆయనే వస్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులోనే పెడుతున్నాను. అక్కడ మెట్లుంటే నిదానంగా ఎక్కించు.

అక్క

అక్కా,

బావ మంగళవారం వేళకే చేరాడు. "మేస్త్రీకి చెప్పే వచ్చాలే" అన్నాడు. ఓనరు ఫిల్ము అయ్యాక లేచి, విచారణ చేసే ఆఫీసరు బల్ల దాకా నడిచాడు. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. బావ బల్ల చుట్టూ తిరిగి ఇంకా దగ్గరికెళ్ళాడు.

"ఏంటయ్యా, మీద పడతావా?"

"దూరం నుంచి చూస్తే బాగుంటామండీ. అందుకే దగ్గరికొచ్చాను."

ఆఫీసరు కాసేపు బావ ముఖం చూసి, తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. వాయిదా అన్నారు. తేదీ చెప్పలేదు.

ఆఫీసరు మధ్యాహ్నం వెళ్ళిపోయాడు. గుమాస్తా సాయంత్రం తాళం వేసి వెళ్ళాడు. బావ వరండాలో కూర్చున్నాడు. తేదీ చెప్పేదాకా రానంటున్నాడు.

తమ్ముడు