ఆరింటి వార్తల్లో నాన్న

నాన్నా,

నువ్వు పనిలో పైనుంచి కిందపడి చనిపోయి ఇవాళ్టికి నాలుగు నెలలు. నడుముకి సేఫ్టీ బెల్టు ఇవ్వకుండా నిన్ను గోదాం షెడ్డు పైకి ఎక్కించింది కాంట్రాక్టరు. బెల్టు ఇచ్చినా నువ్వే పెట్టుకోలేదని ఊరంతా చాటింది ఆరింటి లోకల్ వార్తలవాళ్లు. ముందు ఈ రెండూ రాసిపెడుతున్నాను... కోపం వస్తే మిగతాదంతా కలగాపులగం చేస్తానని నీకు తెలుసు కదా.

ఆ రోజు యాంకరమ్మ ఎంత నెమ్మదిగా చదివిందో. ఇరుపక్షాల మాటా విన్నారట. ఒక పక్షం కాంట్రాక్టరు. రెండో పక్షం కాంట్రాక్టరు మేస్త్రీ. నీ పక్షాన చూపించింది నువ్వు నవ్వుతున్న పాత వీడియో, నీ మాట వినబడకుండా శబ్దం తీసేసి.

గుర్తుందా అది? పోయిన ఎండాకాలం బారిడీహ్‌లో మన వీధి కుళాయికి నీళ్లు రావడం లేదని ఆ ఛానల్‌వాళ్లే వచ్చి తీశారు. నీలం గళ్ల చొక్కా, చేతిలో ఖాళీ బకెట్టు. కెమెరా వైపు తిరిగి ఏదో అని నవ్వావు.

ఇప్పుడు కూలీల వార్త ఏది వచ్చినా నువ్వే వస్తున్నావు నాన్నా. వడగాడ్పుల వార్తలో నువ్వు. ఓట్ల వార్తలో నువ్వు. కొత్త పథకంతో కార్మికులు సంతోషంగా ఉన్నారన్నప్పుడూ నువ్వే. మొదట్లో మూలన 'పాత దృశ్యం' అని వేసేవాళ్లు. పోయిన వారం 'ఈ ఉదయం' అని వేశారు.

ఈ ఉదయమా? నీ దినాలప్పుడు ఆ చొక్కా సువర్ణరేఖ నదిలో వదిలింది నేనే. నా కళ్ల ముందే మునిగింది. మరి సాయంత్రమయ్యేసరికి అంత పొడిగా ఎలా వస్తోంది?

పర్సుడీహ్ బజారులో నీకు తెలిసిన కూరగాయలామె నన్ను ఆపి, మీ నాన్న తిరిగొచ్చాడా అని అడిగింది. వేళాకోళానికి కాదు. పోయాడని నేను చెబితే నన్నే అనుమానంగా చూసింది.

అమ్మ ఆరింటికి రెండు గ్లాసుల్లో టీ పోస్తోంది. టీవీలో నువ్వు ఇటు తిరగగానే కొంగు సర్దుకుంటోంది. ఈ నెల మాసికానికి వచ్చిన పంతులుగారిని గుమ్మంలోంచే పంపేసింది. "రోజూ ఇంటికి వత్తన్న మనిషికి పిండమేటి?" అని అడిగింది.

రేపటి కోసం కరపత్రం రాశాను. నిష్పాక్షికత మీద పేజీ నిండా పెద్ద పెద్ద మాటలు. అప్పుడెప్పుడో వార్తలు చూస్తూ నువ్వన్నది గుర్తొచ్చి అంతా కొట్టేశాను. "ఇద్దరి మాటా ఇన్నామంటారు గానీ, ఒకడు మేడ మీదున్నాడు, ఒకడు నూతిలో ఉన్నాడురా. నూతిలోవోడి మాట ఇనాలంటే వొంగాల కదేటి? ఈళ్లకి నడుం నొప్పి, భాయ్." ఇప్పుడు కరపత్రంలో అదొక్కటే ఉంది.

రేపు ఆ ఛానల్ ఆఫీసుకి వెళ్తున్నాం. రెండు మాటలు చెప్పమని అడుగుతాం. ఈ మనిషికి బెల్టు ఇవ్వలేదు. ఈ మనిషి బతికి లేడు.

రెండోది చెప్పారంటే ఇక నిన్ను చూపించరు. అమ్మకి ఈ సంగతి చెప్పలేక చెప్పాను. టీవీ ఆపేసి నల్లటి తెర వైపు చూసింది. అందులో తనొక్కతే కనబడింది. లేచి రెండో గ్లాసు కడిగి బోర్లించింది. "నానూ వత్తాను" అంది.

షెడ్డు మీద నీతో పనిచేసిన ముగ్గురూ వస్తున్నారు. బెల్టు ఎవరికీ ఇవ్వలేదని వాళ్లే చెబుతారు.

రేపు సాయంత్రం ఐదున్నరకి, ఛానల్ గేటు ముందు. ఆరింటికి వాళ్లు నిన్ను తెర మీదకి పిలుస్తారేమో... వెళ్లకు నాన్నా. మా దగ్గరికి రా.