పెనుమూడి నీలం గడి

బాపట్ల,
5-10-2006.

ఏమండీ,

మీ హుమేరా సలాములు. అల్లా దయవల్ల అందరం కులాసా, ఒక్క అత్తమ్మ మోకాలు తప్ప. ఆ మోకాలితోనే నిన్న పెనుమూడి నుంచి రేపల్లెకి బస్సెక్కి వెళ్లి, "మా ఇర్షాద్ నాసిక్‌లో ద్రాక్ష చదువు చదువుతున్నాడు" అని బజారంతా చాటొచ్చింది.

మీరడిగిన మోటారు బాగైంది. నిమ్మచెట్లు మొన్న ఆదివారంతో అన్నీ కొట్టేశారు, మొద్దులు కూడా తీసేశారు. కూలీలకి మంచినీళ్లు నేనే ఇచ్చాను. పక్క పొలం బాబూరావు మావయ్య గట్టుమీద నిలబడి, "ఏంటమ్మా, కాసే తోటని ఎవరైనా నరుక్కుంటారా?" అన్నాడు. ఖాళీ బిందె తీసుకుని వచ్చేశాను.

కొమ్మలు కత్తిరిస్తుంటే వేలు తెగిందని రాశారు. పసుపు పెట్టుకోండి. నిమ్మముళ్లకి లొంగని చెయ్యి ద్రాక్షకి లొంగిందా అని అత్తమ్మ ఒకటే నవ్వు.

నాటడానికి ఎన్ని కొమ్మలు తేవాలని మూడుసార్లు అడిగారు. రెండు ఉత్తరాల్లో తప్పించుకున్నాను. ఫోనులో చెప్పే ధైర్యం లేదు. ఇక దాచలేను.

మా ఆఫీసు పని మీకు తెలుసు. ముందు ముందు ఎండలు ముదిరితే ద్రాక్ష ఎక్కడ బతుకుతుందో చూడ్డానికి, శాటిలైటు కొలిచిన వేడిని బట్టి మ్యాపుకి రంగులేస్తాను. వేడికి ఎరుపు, చల్లదనానికి నీలం. పెనుమూడి నీలం వచ్చిందనే కదా మనం నిమ్మ తీసి ద్రాక్ష వెయ్యడానికి తెగించాం! కానీ శాటిలైటు ఒక్కో తోటనీ విడిగా చూడదండి. నేలని కిలోమీటరేసి గళ్లుగా విడదీసి, ఒక్కో గడి మొత్తానికి కలిపి ఒకటే అంకె ఇస్తుంది. ఊరి మ్యాపు దానిమీద పెట్టి చూశాను. మన గడిలో సగం పైన ఏరే. ఆ చల్లదనం కృష్ణ నీళ్లది, మన నేలది కాదు. నీళ్లు లేని పక్క గడి ఎర్రగా ఉంది.

సార్‌కి చెప్పాను. "రిపోర్టు పైకి వెళ్లిపోయిందమ్మా. మ్యాపు గీసింది నువ్వు. పోతే ముందు నీ ఉద్యోగమే పోతుంది" అన్నారు. పైగా ఇరవయ్యో తేదీ శుక్రవారం రేపల్లెలో రైతుల మీటింగట, మ్యాపు నేనే చూపించాలట. "మీ ఆయన కాసే తోట తీసేసి నాసిక్ వెళ్లాడని చెప్పు, అందరూ నమ్ముతారు" అన్నారు. చూశారా, మా తప్పుకి మిమ్మల్ని సాక్ష్యం చేశారు. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఇంకెన్ని తోటలు పోతాయో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలు తప్పు ఇంకా రాయలేదు. ఈ సంగతి మీరు రైలెక్కక ముందే నాకు తెలుసు. చెబుదామనే తెనాలి స్టేషన్ దాకా వచ్చాను. మీరు కిటికీ పక్కన కూర్చుని ఎదుటి సీటాయనతో, "ఆ మ్యాపు మా ఆవిడే గీసిందండీ" అంటున్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా గురించి మీరు అలా గొప్పగా చెప్పుకోవడం అదే మొదలు. నీళ్ల సీసా కిటికీలోంచి అందించి, జాగ్రత్త అని మాత్రం అన్నాను. రైలు కదిలిపోయింది. ఆ ఒక్క మాట పోగొట్టుకోలేక పచ్చని తోట కొట్టించానండి. కడుపులో ఇది పెట్టుకుని రంజాను ఉపవాసం, రోజా ఉంటున్నాను. నాకే అసహ్యంగా ఉంది.

ఒక్క కొమ్మ కూడా తేకండి. ఇరవయ్యో తేదీలోపు రండి. ఊరు నవ్వుతుంది, తెలుసు. అయినా ఆ మీటింగులో లేచి, మా ఆవిడ మ్యాపు తప్పని అందరి ముందూ మీరే చెప్పండి. నాకు నోరు పెగలదు. మీరు చెబితే మాత్రం కాదనను.

ఇట్లు,
మీకు ముఖం చూపించలేని
మీ భార్య,
హుమేరా