మేకుకు తగిలించిన కెపాసిటరు

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ చిన్న కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాం. నా విషయంలో ఆ మాట ఎంతవరకు నిజమో ఉత్తరం చివర చెబుతాను, అందాకా నిజమనే అనుకోండి. అక్కడ వదిన కాలి కట్టు విప్పారా? ఆవిడను అప్పుడే మెట్లెక్కనివ్వకండి. ఆవిడకు బదులు ఆ మోకాళ్ళతో మీరు ఎక్కి దిగుతూ ఉంటారని నాకు తెలుసు, అదీ వద్దు.

మీ ఉత్తరం అందింది. అడిగిన వాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. మన రిపేరు షెడ్డు కారడం ఆగింది. రేకు మార్చలేదు, మీ చిన్నబ్బాయి పైకెక్కి తారు పూశారు. రేకుకు పూసినదానికంటే చొక్కాకు పూసుకున్నదే ఎక్కువ గానీ, ప్రస్తుతానికి లోపల చుక్క పడటం లేదు. డ్రిల్లింగ్ మిషను బెల్టు వచ్చింది, బిగించాం. బావగారు వేళకే తింటున్నారు. నా మీద కోపం వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తింటున్నారు, కాబట్టి ఆయన ఆరోగ్యం గురించి మీరు దిగులు పడనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. "పేల్చింది చాలు. బల్ల దిగి కౌంటరు దగ్గర కూర్చో. నేను వచ్చేటప్పుడు ఆ బల్లకు కొత్త మెకానిక్కును వెంటబెట్టుకుని వస్తాను" అని రాశారు. మూడు ముక్కల్లో తేల్చేశారు. కోడలు లేని అత్త గుణవంతురాలని పెద్దలు ఊరికే అనలేదు. మీరు ఊళ్ళో లేని ఈ నెలల్లో నాకు మీ మంచితనమే గుర్తొచ్చేది. కవరు చింపగానే మళ్ళీ అత్తగారు గుర్తొచ్చారు.

నేను దిగను అత్తయ్యా. కోపంలో రాసిన మాట కాదు ఇది. రెండు రోజులు ఆలోచించి, మీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని రాస్తున్నాను.

మన షెడ్డులో ఒక రివాజు ఉంది, పెట్టింది మీరే. బల్ల మీద ఎవరి చేతిలో ఏది పేలినా, కాలినా, ఆ ముక్కకు తమ పేరు చీటీ కట్టి గుమ్మం పక్కనున్న మేకుకు తగిలించాలి. తగిలించి బల్ల దిగాలి. అది ఎందుకు పేలిందో నోటితో చెప్పగలిగిన రోజున మళ్ళీ ఎక్కాలి. ఆ మేకుకు బావగారివి రెండున్నాయి, మీ చిన్నబ్బాయిది ఒకటుంది. ఇద్దరూ దిగారు, కారణం చెప్పారు, మళ్ళీ ఎక్కారు. ఏ ఒక్కరినీ మీరు కౌంటరుకు పంపలేదు. నా వంతు వచ్చేసరికి కారణం అడగడమే మరిచిపోయారు. మీరు అడక్కపోయినా నేను చెబుతాను, వినండి.

బావగారు ఏం రాశారో నాకు తెలియదు. జరిగింది ఇది. గేట్లు చేసే వెల్డరు లేడూ, కంటి కింద మచ్చ ఉన్నాయన, తన వెల్డింగ్ మిషను తెచ్చాడు. లోపల గ్లాసంత లావు కెపాసిటర్లు రెండు, ఒకదాని వెనుక ఒకటి సిరీస్‌లో ఉన్నాయి. వాటి రెండింటి మీదా కలిపి ఆరు వందల వోల్టులు పడతాయి. ఒక్కొక్కటి మోయగలిగింది నాలుగు వందలు. అందులో ఒకటి నెత్తి ఉబ్బి ఉంది. బల్బు తగిలించి చార్జి దింపి దాన్ని విప్పాను. సొరుగులో అలాంటిదే వెతికితే దొరకలేదు. నాలుగు వందల వోల్టులదే ఒకటుంది గానీ, దాని కెపాసిటీ రెండోదానిలో మూడో వంతు. వెల్డరేమో నెత్తి మీద నిలబడి తొందర పెడుతున్నాడు. నాలుగు వందలూ నాలుగు వందలూ ఎనిమిది వందలు, మిషనుకు కావలసింది ఆరు వందలే, కావలసినదానికంటే ఎక్కువే ఉందిలే అనుకుని బిగించేశాను.

కొద్దిసేపు బాగానే నడిచింది. వెల్డరు ఒక కడ్డీ అతికించి చూసుకుని, బాగుందన్నట్టు తల కూడా ఊపాడు. రెండో కడ్డీ తీసుకునే లోపు ఆ చిన్నది పేలింది. షెడ్డంతా పొగ, కాలిన కాగితం, వెండి రంగు రేకు తుంపులు. బావగారి జుట్టులోంచి మర్నాటికి కూడా రాలుతూనే ఉన్నాయి. ఆయన నా వంక చూసి, "ఇది కుక్కరు కాదమ్మా, ముందు ఈల వేసి చెప్పడానికి" అన్నారు. ఆ మాట సరిగ్గానే అన్నారు. చీటీ మీద పేరు రాసి మేకుకు నేనే తగిలించాను, బల్ల దిగాను.

ఇప్పుడు కారణం. పరీక్ష పెట్టేది మీరు, రాసేది నేను.

కెపాసిటరంటే ఎదురెదురుగా రెండు రేకులు, అవి తాకకుండా మధ్యన ఒక పొర. రెండు కెపాసిటర్లను సిరీస్‌లో కలిపితే వాటి నడుమనున్న తీగకు బయటికి వేరే దారి లేదు. మొదటిదాని వెనుక రేకును వదిలి వెళ్ళిన చార్జే రెండోదాని ముందు రేకు మీదికి చేరాలి. అందుకని పెద్దదైనా చిన్నదైనా రెండూ మోసేది ఒకటే చార్జి. నేను బోల్తా పడింది ఇక్కడే. చార్జి సమానమైతే వోల్టులు కూడా సగం సగం పంచుకుంటాయనుకున్నాను. ఒక చెంబెడు నీళ్ళు బకెట్టులో పోస్తే అడుగు మాత్రం తడుస్తుంది, అవే నీళ్ళు సన్నటి సీసాలో పోస్తే మూతి దాకా వస్తాయి. నీళ్ళు చార్జి అయితే వాటి ఎత్తు వోల్టులు. చిన్నది మూడో వంతే కాబట్టి దాని మీద మూడింతలు పడ్డాయి. ఆరు వందల్లో పెద్దదానికి నూట యాభై, చిన్నదానికి నాలుగు వందల యాభై. మోయగలిగింది నాలుగు వందలు. అది పేలక ఏం చేస్తుంది?

ఇంకొకటి. సిరీస్‌లో పెడితే మొత్తం కెపాసిటీ ఆ చిన్నదానికంటే కూడా తగ్గిపోతుంది. రేకుల మధ్య ఎడం పెరిగినట్టే లెక్క, ఎడం పెరిగితే పట్టు తగ్గుతుంది. రెసిస్టర్లు సిరీస్‌లో కూడుకుంటాయి కదా అని ఆ పాఠమే వీటికీ అప్పజెప్పబోయాను. ఇవి కూడుకునేది పక్కపక్కన పెట్టినప్పుడు, ప్యారలల్‌లో. రెండు బకెట్లను అడుగున గొట్టంతో కలిపితే ఎలాగో అలాగ. రెండింటిలోనూ నీటి మట్టం ఒకటే ఉంటుంది, ఎవరి కడుపుకు పట్టినంత వాళ్ళు తీసుకుంటారు, చిన్నదాని నెత్తిన అదనంగా ఏమీ పడదు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నానంటే, మీరు కూర్చోమన్న ఆ కౌంటరు దగ్గరే. బల్ల దిగాను గనక రోజంతా అక్కడే బుద్ధిగా కూర్చున్నాను, చేతులే బుద్ధిగా ఉండలేదు. గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసి, పాత రేడియో కెపాసిటర్లు ముందేసుకుని, కలపడం, మీటరు పెట్టడం, విప్పడం, మళ్ళీ కలపడం. ఎన్నిసార్లు తగిలించినా చిన్నదాని మీదే ముల్లు ఎక్కువ లేచింది. మీ గడియారం ఆ రోజు ఆగిపోయింది, క్షమించండి, మళ్ళీ నడుస్తోంది.

మీటరు చూస్తూ ఉంటే మన ఇల్లు గుర్తొచ్చింది, నవ్వొచ్చింది. మీరు బావగారికి చెబుతారు, బావగారు మీ చిన్నబ్బాయికి చెబుతారు, ఆయన నాకు చెబుతారు. మాట ఒకటే, మధ్యలో ఎవరూ ఏదీ దించుకోరు. వరసలో ఆఖరున ఉన్న చిన్నదాని నెత్తికి మాత్రం అది మూడింతలై చేరుతుంది. పేలితే అందరూ దాని వంకే చూస్తారు.

కారణం తెలిశాక బావగారి దగ్గరికి వెళ్ళి ఇంతా చెప్పాను. మొత్తం విన్నారు. తప్పని అనలేదు.

"చెప్పింది సరిగ్గానే ఉంది. కానీ అమ్మ వచ్చి ఎక్కమనాలి" అన్నారు.

"మీరు మీ కారణం చెప్పినప్పుడు అత్తయ్య ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆగేవారా?"

"నాకూ నీకూ పోలికేంటమ్మా."

నేను మేకు దగ్గరికి వెళ్ళి అన్నిటికంటే అడుగున ఉన్నదాన్ని పట్టుకున్నాను. తుప్పు పట్టిన పాత కెపాసిటరు డబ్బా, చీటీ లేనిది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను, మామయ్యగారిది కాబోలు అనుకునేదాన్ని. "ఇదెవరిది బావగారూ?" అని అడిగాను. ఆయన మిషను నూనె తుడుచుకుంటూ ధ్యాస లేకుండా, "అది అమ్మది" అనేశారు. అని, నాలుక కరుచుకున్నారు.

"మరి అత్తయ్య ఎన్నాళ్ళు దిగారు?"

"దిగితే షెడ్డు ఎవరు నడుపుతారు? ఆ మర్నాడే కూర్చుంది."

కారణం చెప్పడానికి ఆ రోజు మీకు పైన ఎవరూ లేరు. మీ కారణం మీరే వెతుక్కున్నారు, మీ అంతట మీరే ఎక్కారు. ఎవరినీ అడగలేదు. అత్తయ్యా, నాకు ఆ మాట వినగానే మీ మీద కోపం రాలేదు, గర్వంగా అనిపించింది. కోపం తర్వాత వచ్చింది, మీ ఉత్తరం చదివాక.

ఇప్పుడు దాచిన సంగతులు. రెండున్నాయి.

మొదటిది, మీ ఉత్తరం వచ్చేనాటికే నేను బల్ల ఎక్కేశాను. ఆ వెల్డరు మిషనునే మళ్ళీ ముందు పెట్టుకున్నాను. ఒకే సైజు కెపాసిటర్లు రెండూ కొత్తవే తెప్పించాను. సైజు ఒకటే అయినా ఒకదాంట్లోంచి చార్జి కాస్త ఎక్కువ కారిపోతుంది, ఒకదాంట్లోంచి తక్కువ, అందుకని వోల్టులు అటూ ఇటూ జరగకుండా ఒక్కోదాని పక్కన ఒక్కో రెసిస్టరు కట్టాను. వెల్డరు వచ్చి ఎవరు చేశారని అడిగాడు. బావగారు నోరు తెరిచేలోపు, "పేల్చిందీ నేనే, బాగు చేసిందీ నేనే" అన్నాను.

"అయితే మీరే ఆన్ చేసి మీరే నిలబడండి. నేను గుమ్మం బయట ఉంటాను" అన్నాడాయన. తప్పు పట్టను, నేనైనా అదే అనేదాన్ని. మీటరు తీగలు బయటికి తీసి, మూత బిగించి ఆన్ చేశాను. ఆయన బయట నిదానంగా టీ తాగేదాకా మిషను పక్కనే నిలబడ్డాను. కాసేపటికి బావగారే లోపలికి వచ్చి మీటరు వంక చూశారు. ఒకదాని మీద మూడు వందలు, రెండోదాని మీద మూడు వందలు. "రెసిస్టర్లు కూడా పెట్టావా" అని మాత్రం అని వెళ్ళిపోయారు. ఆయన నోటి నుంచి అది సన్మానపత్రంతో సమానమని మీకు తెలుసు. అప్పటి నుంచి రోజూ బల్ల మీదే ఉన్నాను.

రెండోది ఉత్తరం మొదట్లో దాటేసిన సంగతి. పేలినప్పుడు నేను ఒంగి ఉన్నాను, కుడి చెవి దానివైపే ఉంది. ఆ రోజు నుంచి ఆ చెవిలో సన్నటి ఈల. అటు నుంచి పిలిస్తే సరిగ్గా వినబడదు. చెవి డాక్టరు చూసి, వినికిడి కొంత తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. మీ చిన్నబ్బాయికి తెలుసు. "అమ్మకు రాయకు, తెలిస్తే నిన్ను మళ్ళీ షెడ్డు గడప తొక్కనివ్వదు" అన్నారు. నన్ను దింపడానికి మీకు ఇంతకు మించిన కారణం దొరకదని నాకూ తెలుసు. తెలిసే మీ చేతికి ఇస్తున్నాను. ఈ సంగతి దాచి గెలవడం నాకిష్టం లేదు.

భయం వేసింది అత్తయ్యా, ఇప్పటికీ వేస్తోంది. అందుకే ఇప్పుడు కళ్ళద్దాలు, చెవులకు మూతలు లేకుండా బల్ల ముందు ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. బావగారికీ పెట్టించాను, గొణుక్కుంటూనే పెట్టుకుంటున్నారు. భయపడి దిగిపోతే ఆ చెవి ఊరికే పోయినట్టు అవుతుంది. ఊరికే పోనివ్వను.

కొత్త మెకానిక్కును తెస్తానంటే తీసుకురండి. మన బల్ల పొడుగైనదే, అతనికీ చోటుంది. పక్కన ఇంకొకటి చేరితే కెపాసిటీ పెరుగుతుందే గానీ తగ్గదు. నా చోటు మాత్రం అతనికి ఇవ్వను.

నా కెపాసిటరుకు చీటీ కట్టాక మీ డబ్బాకు కూడా మీ పేరు రాసి ఒక చీటీ కట్టాను. రెండూ ఇప్పుడు పక్కపక్కనే వేలాడుతున్నాయి. కోపం వస్తే వచ్చి విప్పేయండి, విప్పే చేతులు మీవే కావాలి. వచ్చాక కౌంటరు దగ్గర నా కోసం వెతక్కండి, నేరుగా బల్ల దగ్గరికి రండి. మీ స్టూలు తుడిచి నా ఎడమ పక్కన వేసి ఉంచాను. ఆ వైపు చెవి బాగా పని చేస్తుంది. తిట్టదలచుకున్నదంతా అటువైపు కూర్చుని తిట్టండి, ఒక్క మాట కూడా పోకుండా వింటాను. వింటూనే పని చేసుకుంటాను.

వదినకు నా మాటగా చెప్పండి, కాలు నేల మీద ఆనించేటప్పుడు తొందరపడొద్దని.

ఇట్లు,
బల్ల దిగని
మీ చిన్న కోడలు