పోర్టబులే కావాలి!

పెదలంక,
4-6-2003

అత్తయ్యకు అభివందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం చదివాక నేను తప్ప.

సంగీతం టీచరుగా రిటైరవుతూ మన ఊరి పిల్లలకు డిజిటల్ పియానో ఇస్తానన్నారు, సంతోషం. కానీ కన్సోల్ రకం కొంటానంటారేంటి? చెక్క ఒళ్ళు, కింద మూడు పెడళ్ళు, పైన మూత! అది వాయిద్యమా, బీరువానా? ఒకచోట పెడితే ఇక కదలదు. అంత గట్టి హాలు ఊళ్ళో సర్పంచ్ పల్లంరాజు గారికే ఉంది. ఆ గుమ్మం పాపాయి తొక్కగలదా? పేటలో యెహెజ్కేలు గారమ్మాయి అండీ! కూలికెళ్ళొచ్చి ప్రార్థనలో హార్మోనియం పట్టుకుంటే రేవులో పడవ ఆగిపోతుంది. పియానో ఆమె చేతికి రావాలి.

పోర్టబుల్ కొనండి. పేటపేటకూ మోసుకెళ్ళొచ్చు. కరెంటు పోతే బ్యాటరీలున్నాయి. కళ నడవాలి అత్తయ్యా, కూర్చోకూడదు!

పోరాటానికి సిద్ధంగా,
శశిభూషణ్

తా.క.: దీనిమీద మా సంఘం తరఫున కరపత్రం వేశాం. మీ పేరు రాయలేదు. ఇంకా.

రాజమండ్రి,
9-6-2003

చిరంజీవి శశికి అత్తయ్య దీవెనలు.

కరపత్రం వేసేముందు పియానో చూశావట్రా? షాపులో ఉన్న పోర్టబుల్‌కి అరవై ఒక్క మీటలు, వేలు ఆనిస్తే దూదిలా దిగిపోతాయి. కన్సోల్‌కి ఎనభై ఎనిమిది, వేలికి బరువు తెలుస్తుంది. పైగా మన ఊళ్ళో చేత్తో ఎత్తగలిగినది ఏదైనా పెళ్ళిళ్ళకి అరువెళ్తుంది. మా నాన్నగారి జంపఖానా అలా వెళ్ళి ముప్పై ఏళ్ళయింది, ఇంకా పెళ్ళి అవలేదు కాబోలు. కన్సోల్‌ని చంకన పెట్టుకుపోయే మొనగాడు లేడు. మూతకి తాళం కూడా ఉంది.

నీ మేలు కోరే,
రత్నమాణిక్యం

తా.క.: ఇంతకీ ఆ అమ్మాయి ఏమంటోంది?

పెదలంక,
13-6-2003

రత్నమాణిక్యం గారికి,

("అత్తయ్య" ప్రస్తుతానికి వాయిదా.)

తాళం! మనసులో మాట బయటపడింది. ఆ తాళం ఎవరికోసమండీ? పాపాయి వేళ్ళకోసమే కదా! మీరు కూడా పల్లంరాజు గారి వైపేనని తేలిపోయింది.

పాపాయి ఏమంటోందని అడిగారు. అడగడానికేముంది? ఆమె తరఫున మా సంఘం గొంతెత్తుతోందిగా! రేపట్నుంచి లైబ్రరీ ముందు నిరాహారదీక్ష. కన్సోల్ వస్తే లారీకి అడ్డంగా పడుకుంటాను.

రాజీలేని,
శశిభూషణ్

తా.క.: మీ ఉత్తరం పాపాయికి చదివి వినిపించాం. రాజమండ్రి బస్సు ఎన్నింటికని అడిగింది. మీ ఇంటిముందు ధర్నాకేనని మా అంచనా. జాగ్రత్త.

రాజమండ్రి,
18-6-2003

చిరంజీవి శశికి, వాయిదాపడ్డ అత్తయ్య దీవెనలు.

ధర్నా వచ్చింది. కాఫీ తాగి, "షాపు చూపించండి మేడంగారూ" అంది. తీసుకెళ్ళాను. రెండూ వాయించింది. పోర్టబుల్ స్టాండు ఊగుతుంటే షాపువాడు రెండు చేతులా పట్టుకున్నాడు. కన్సోల్ ముందు కూర్చుని గంటసేపు లేవలేదు.

"ఇదేనండి" అంది.

"మావాడు నీకు పోర్టబులే కావాలంటున్నాడే?"

"నన్నెప్పుడడిగారండి? ఎనిమిదేళ్ళనుంచి ఆ హార్మోనియం పెట్టె నెత్తినెట్టుకుని అందరిళ్ళకీ తిరుగుతున్నానండి. పోర్టబుల్ మోసుకెళ్ళొచ్చని రాశారు గానీ, మోసేదెవరో కరపత్రంలో లేదండి."

"మరి సర్పంచ్ గారి హాల్లో..."

"అక్కడెందుకండి? మాకు కాలనీ ఇల్లొచ్చింది, శ్లాబే. మా ఇంట్లోనే ఉంటాది. ఆయన మనవరాలు నేర్చుకోవాలన్నా మా గుమ్మం తొక్కాలండి. నాకు కదలనిదే కావాలి."

తాళంచెవి తన చేతిలో పెట్టేశాను. ఇక నాతో కాదు, తనతో పోరాడుకో.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: మీ అమ్మ ఫోన్ చేసింది. దీక్షలో పెసరట్లు రెండేనట, మూడోది వద్దన్నావట. తిను. ఆదివారం లారీ రేవుదాకానే వస్తుంది, అక్కణ్ణుంచి పేటకి ఆరుగురు మొయ్యాలి. ఆ ఆరుగురి కింద పాపాయి మీ సంఘం పేరు రాయించింది. తను చేతులూపుకుంటూ ముందు నడుస్తుందట.