మాగని కట్టె

కొమరోలు, మంగళవారం

ట్రేలలో మిర్చి నారు మొత్తం పసుపెక్కింది. సర్కారు తుమ్మ కట్టెను పొట్టు కొట్టించి నేను చేసిన కంపోస్టే దాన్ని చంపుతోంది. విత్తనం వేసేనాడు నాయన ఆ కుప్పలో గడ్డపార గుచ్చి, తీసి, మొన పట్టుకుని చూశాడు. "ఇంకా కాలతాంది. కట్టె మాగలేదు, నారుకు పెట్టొద్దమ్మా" అన్నాడు. పైన నల్లగా ఉందని నేను వినలేదు.

ఈరోజు ఊళ్లో రమణమ్మత్త మా నర్సరీకి నారు కోసం వచ్చింది. "వాన నీళ్లు ఎక్కువై అట్లయినాయేమోలే. చేన్లో పెడితే తేరుకుంటాయి" అని నాకే ధైర్యం చెప్పి, ట్రేలు ఆటోలో ఎక్కించుకుంది. నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఉన్న రెండెకరాలూ రేపు దీంతోనే నాటిస్తుంది.

ఆటో పోయాక నాయన కుప్పలో గడ్డపార గుచ్చి తీసి, నా చేతికిచ్చాడు.

ఇంకా వేడిగానే ఉంది.