మంచులో మార్త బండి

2018 మార్చి, గురువారం రాత్రి
షెఫీల్డ్, ఇంగ్లండ్

మా ఆవిడ మార్త పోయాక ఈ బండి అమ్మేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. మంచు పడినా ఆమె గుట్ట మీది హాస్పిటల్‌కు డ్యూటీకి వెళ్ళాలనే కదా, నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నాం. ఈరోజు మా వీధిలో కదిలింది అదొక్కటే.

పొద్దున పక్క వీధి నర్సు సునీత ఫోన్ చేసింది. "అంకుల్, బస్సులు ఆపేశారు. వార్డులో నైట్ డ్యూటీ వాళ్ళు ఇంకా ఇంటికెళ్ళలేదంట. నన్ను కొంచెం హాస్పిటల్ దగ్గర దింపుతారా?"

ఆమె ఎక్కగానే గేరు వేశాను.

"ఒక్క నిమిషం అంకుల్, ప్రార్థన చేసుకుని వెళ్దాం."

సిగ్గేసింది. మార్త ఉండగా ప్రార్థన కాకుండా ఈ బండి కదిలేది కాదు. "నడిపే అంకుల్‌ని కాపాడు ప్రభువా," అంది సునీత. నేను ఆమెన్ అన్నాను. పిక్కల లోతు మంచులో బండి ఎక్కడా జారకుండా గుట్టెక్కింది.

"మెల్లగా వెళ్ళండి అంకుల్," అని ఆమె దిగిపోయింది.

తిరుగుదారంతా దిగుడే. ఎక్కేటప్పుడు ఆదుకునే నాలుగు చక్రాలు దిగేటప్పుడు బండిని ఆపలేవు. భయమేసింది. కదిలే ముందు స్టీరింగ్ పట్టుకుని ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాను. పెళ్ళైన నాటి నుంచీ ప్రార్థన మార్తది, ఆమెన్ నాది. ఎంతసేపు కూర్చున్నా మాటలు రాలేదు. పక్క సీటు వైపు చూడకుండా, ఉత్త ఆమెన్ ఒక్కటి అని బయల్దేరాను.